ఇంట్లో కూర్చుని విమానం నడపడం: కంప్యూటర్ ఎంపికలో జాగ్రత్తలు

హాబీ అనగానే మనకు తపాలా బిళ్ళలు, పాత నాణేలు, కొంచెం డబ్బున్నవారి విషయంలో కెమెరా గుర్తుకు వస్తాయి. ఇంట్లో కుర్చీలో కూర్చుని విమానం నడపడం కూడా ఒక హాబీయే అంటే కొందరు నవ్వవచ్చు. కాని ప్రపంచమంతటా లక్షలమంది ఈ పని ఎంతో శ్రద్ధగా చేస్తున్నారు. దీనిని ఫ్లైట్ సిమ్యులేషన్ అంటారు. చూడడానికి వీడియో ఆటలాగే ఉంటుంది గాని, ఇందులో శత్రువులు ఉండరు, గెలుపు ఓటములు ఉండవు. గాలి, బరువు, వేగం, ఇంధనం, వీటి లెక్క ప్రకారం నిజమైన విమానం ఎలా ప్రవర్తిస్తుందో తెరమీద విమానం దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది. పొరపాటు చేస్తే కూలిపోతుంది. ఎవరికీ దెబ్బ తగలదు, అంతే తేడా.

భివండీలో, అందులోనూ పద్మానగర్, కామత్‌ఘర్ ప్రాంతాలలో ఉంటున్న మన తెలుగువారికి ఈ సంగతి వివరంగా చెప్పడానికి కారణం ఉంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచి నేతపని మీద వచ్చి స్థిరపడిన కుటుంబాలలో పిల్లలు చదువుకుంటున్నారు, ఇంటికి కంప్యూటర్ కావాలంటున్నారు. చదువు కోసమని మొదలైన బేరం, దుకాణానికి వెళ్ళేసరికి రంగురంగుల దీపాలు వెలిగే గేమింగ్ యంత్రం దగ్గర ఆగుతుంది. లక్ష దాటిన బిల్లు, నెలనెలా వాయిదాలు. సాంచాల మీద వచ్చే రాబడి ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదని మీకు వేరే చెప్పనక్కరలేదు. కనుక ఈ హాబీ మీద మనసు పడినవారు ముందుగా గమనించవలసింది ఒక్కటే. కంప్యూటర్‌ను అన్నిటికన్నా చివర కొనాలి. ఏ విమానం నడపాలని ఉంది, ఏ ప్రోగ్రామ్ కావాలి, ఈ సరదా నాలుగు వారాలు నిలుస్తుందా లేదా అన్నవి ముందు తేలాలి.

అసలు ఈ విద్య కంప్యూటర్‌తో పుట్టినది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. విమానం నేర్చుకోవాలంటే చాలా ఖర్చయ్యే రోజులవి. ఆర్గన్‌లోకి గాలి ఊదే తిత్తులతోనే అటూ ఇటూ ఒరిగే చిన్న విమానం వంటి పెట్టెను ఆయన 1929లో తయారుచేశాడు. మొదట అది వినోద స్థలాలలో ఆటవస్తువుగానే చెల్లింది. 1934లో అమెరికా సైన్యం విమానాలలో ఉత్తరాలు మోసే పని చేపట్టి, మబ్బులలోనూ చీకటిలోనూ దారి తెలియక కొద్ది వారాలలోనే పలువురు పైలట్లను పోగొట్టుకుంది. అప్పుడు గాని దాని విలువ తెలియలేదు. సైన్యం ఆరు పెట్టెలు కొన్నది. తరువాత వచ్చిన ప్రపంచ యుద్ధంలో లక్షలమంది అందులో కూర్చునే నేర్చుకున్నారు.

ఇంటి కంప్యూటర్ మీదికి ఈ విద్యను తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఆయన ప్రోగ్రామ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ 1982లో ఐబీఎం పీసీ కోసం విడుదల చేసింది. ఆ రోజుల్లో ఏదైనా కంపెనీ కంప్యూటర్ ఐబీఎంతో సమానమా కాదా అని పరీక్షించడానికి దాని మీద ఈ విమానాన్ని నడిపి చూసేవారట! ఆ మాటకు వస్తే నేతపనికీ కంప్యూటర్‌కీ చుట్టరికం ఇంకా పాతది. 1804లో ఫ్రాన్సులో జకార్డ్ తన మగ్గానికి అమర్చిన చిల్లుల అట్టలను చూసే, చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి కూడా అలాంటి అట్టలు వాడాలని తలపెట్టాడు.

ఇక ఇందులో ఆనందం ఏమిటి? మొదటి పది గంటలు ఆనందం కంటే చిరాకే ఎక్కువ. నేర్చుకునేవారికి సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానం మేలు. 1956 నుంచి తయారవుతున్న ఈ విమానం ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో, 44,000 పైగా తయారైంది. గాలిలోకి లేవడం తేలిక. సుమారు 55 నాట్ల వేగం వచ్చాక మీటను కొంచెం వెనక్కి లాగితే అదే లేస్తుంది. దింపడం దగ్గరే కష్టం. కొత్తవాడు ఒకే ముల్లును చూస్తూ కూర్చుంటాడు. వేగం చూస్తే ఎత్తు తప్పుతుంది, ఎత్తు చూస్తే దిక్కు తప్పుతుంది. పైలట్ ముందు ముఖ్యంగా ఆరు గడియారాలు ఉంటాయి. వేగం, విమానం వాలు, ఎత్తు, మలుపు, దిక్కు, ఎక్కుతున్నదీ దిగుతున్నదీ తెలిపే ముల్లు. ఏ ఒక్కదాని మీదా చూపు నిలిపివేయకుండా, వరసగా ఒకదాని నుంచి మరొకదానికి తిప్పుతూ ఉండాలి. విమాన శిక్షణలో దీన్ని స్కాన్ అంటారు.

నాలుగు, ఆరు సాంచాలు ఒంటిచేత్తో చూసుకునేవారికి ఈ విద్య కొత్తది కాదు. ఒక సాంచా మీద తెగిన పోగును అతుకుతూనే పక్కదాని చప్పుడు వినడం, కండె అయిపోవచ్చిందని ముందే గ్రహించడం మనవాళ్ళు చేసే పనే. శబ్దం మారితే తప్పు ఎక్కడుందో చెప్పగలవారు, ఇంజను ధ్వని మారగానే వేగం మారిందని కూడా ఇట్టే పట్టుకుంటారు. చేతికి కంటికి కుదిరేవరకు ఓపిక పట్టడం ఒక్కటే కావలసింది.

కొంచెం చెయ్యి తిరిగాక చేసి చూడవలసిన ప్రయాణం ఒకటుంది. ముంబాయి జుహూ నుంచి బయలుదేరండి. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి టపా మోసుకొచ్చిన జె.ఆర్.డి. టాటా దిగినది ఆ నేల మీదే. ఈశాన్యంగా తిరిగి ఠాణా క్రీకు దాటి భివండీ మీద ఒక చుట్టు తిరగండి. కామత్‌ఘర్ దగ్గర వరాలాదేవి చెరువును గుర్తుపట్టండి. చుట్టూ ఇళ్ళను మాత్రం ప్రోగ్రామ్ ఉపగ్రహ చిత్రం ఆధారంగా తనంతట తానే ఊహించి కడుతుంది కనుక, మీ కార్ఖానా రేకుల కప్పు ఉండవలసిన చోట ఏదో మేడ కనిపిస్తే కోప్పడకండి. అక్కడి నుంచి ఆగ్నేయంగా 5,500 అడుగుల ఎత్తులో లోనావలా కనుమ దాటితే పుణె. తరువాత భీమా నది మీద ఉజని జలాశయం వెడల్పుగా పరుచుకుని కనిపిస్తుంది. ఆపైన షోలాపూర్, మన పద్మశాలీల మరో పెద్ద ఊరు. అక్కడి నుంచి రోడ్డును కిటికీలోంచి చూసుకుంటూ జహీరాబాద్ మీదుగా హైదరాబాద్. రాత్రంతా బస్సులో కునికిపాట్లు పడుతూ వెళ్ళే దారి ఇది. సెస్నాలో మూడు గంటల పైచిలుకు పడుతుంది. శంషాబాద్ వచ్చాక 2008లో ప్రయాణికుల విమానాలు ఆగిపోయిన బేగంపేటలో కూడా మీరు దిగవచ్చు. సిరిసిల్లలో దిగడానికి రన్‌వే లేదు గాని, మానేరు వెంట తక్కువ ఎత్తులో ఎగురుతూ చూసి రావచ్చు.

ఇప్పుడు ప్రోగ్రామ్ సంగతి. డబ్బు పెట్టకుండా మొదలుపెట్టదలచినవారికి ఫ్లైట్‌గేర్ ఉంది. 1990ల చివర నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారు తయారుచేస్తూ వస్తున్నది, పూర్తిగా ఉచితం. కొన్నేళ్ళ నాటి మామూలు కంప్యూటర్ మీద కూడా తక్కువ హంగులతో నడుస్తుంది. దృశ్యాలు అంత అందంగా ఉండవు, విమానం మాత్రం విమానంలాగే నడుస్తుంది. రెండవది ఎక్స్-ప్లేన్. ఆస్టిన్ మేయర్ 1990లలో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్‌లో రెక్కమీద గాలి ఎక్కడెక్కడ ఎంత తాకుతున్నదో లెక్కకడతారు. కొనకముందే ఉచిత నమూనాను మీ యంత్రం మీద నడిపి చూసుకునే వీలుంది. మూడవది మైక్రోసాఫ్ట్ వారిది. 2020లో ఒకటి, 2024లో మరొకటి వచ్చాయి. భూగోళమంతా ఉపగ్రహ చిత్రాలతో చూపిస్తాయి గనుక అందానికి వీటిదే పెద్దపీట. అయితే ఆ చిత్రాలు ఎగురుతున్నంతసేపూ ఇంటర్నెట్ నుంచి దిగుతూ ఉంటాయి. 2024 ప్రోగ్రామ్‌కు కంపెనీవారు చెప్పిన లెక్క ప్రకారం కనీసం సెకనుకు 10 మెగాబిట్లు, హాయిగా నడవాలంటే 50 కావాలి. మొబైల్ ఫోన్ డేటాతో అయ్యే పని కాదు.

నా సలహా ఏమిటంటే, ఇంట్లోనో స్నేహితుడి దగ్గరో ఉన్న కంప్యూటర్ మీద ఫ్లైట్‌గేర్ వేసుకుని, కొన్ని వేలల్లో దొరికే ఒక జాయ్‌స్టిక్ మాత్రం కొనండి. పిడిని మెలితిప్పితే తోక చుక్కాని కదిలే రకం అయితే కాలి పెడళ్ళు అవసరం లేదు. కీబోర్డుతో విమానం దింపాలని చూసి విసిగి మానేసినవారు ఎందరో. నెల తరువాత కూడా ఆదివారం పొద్దున్నే లేచి జుహూలో దిగడం సాధన చేస్తున్నారంటే, అప్పుడు పెద్ద కంప్యూటర్ మాట ఆలోచించవచ్చు.

కొనేటప్పుడు ఏమి చూడాలి? ప్రోసెసర్‌లో ఒక పని వరసను కంప్యూటరువారు థ్రెడ్ అంటారు, అంటే పోగే! విమాన ప్రోగ్రామ్‌లలో బరువంతా ఎక్కువగా ఒక ముఖ్యమైన పోగు మీదే పడుతుంది. 2024 ప్రోగ్రామ్‌లో దాన్ని కొంత పంచారు గాని, ఇప్పటికీ పాతకాలపు పన్నెండు కోర్ల ప్రోసెసర్ కంటే కొత్త తరం ఆరు కోర్లదే మెరుగు. మెమరీ 2024 ప్రోగ్రామ్‌కు కనీసం 16 జీబీ, మంచిది 32. 2025 చివర మెమరీ ధరలు బాగా పెరిగాయి కనుక, 32 భారమైతే 16 జీబీ ఒకే ముక్కగా వేయించి, రెండో ముక్కకు ఖాళీ ఉంచుకోండి. గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ 8 జీబీ ఉంటే మామూలు తెరకు సరిపోతుంది. ఫోర్‌కే తెర అన్నది చూడ ముచ్చటే, కాని మామూలు తెర కంటే నాలుగు రెట్లు చుక్కలు గీయాలి. కార్డు ఖర్చు అక్కడే పెరుగుతుంది. వేగంగా కాల్చుకునే ఆటలకు సెకనుకు వంద బొమ్మలు కావాలి గాని, విమానానికి 30 బొమ్మలు తొణక్కుండా వస్తే చాలు. తొణక్కుండా అన్నమాట ముఖ్యం. ల్యాండింగ్ మధ్యలో తెర ఆగి ఆగి కదిలితే ఎంత అందమైన దృశ్యమైనా వృథా.

భివండీ విషయానికి వస్తే, కంప్యూటర్ పత్రికలలో రాయని సంగతులు కొన్ని ఉన్నాయి. సాంచాల షెడ్డు పక్కనో పైనో ఇల్లున్నవారికి మొదటి శత్రువు నూలు పొట్టు. ఉత్త దుమ్మయితే రాలిపోతుంది. పొట్టు అలా కాదు, ఫ్యాను జాలీకి అతుక్కుని గొంగడిలాగా పేరుకుంటుంది, గాలి ఆడదు. ఉత్తరాలు టైపు చేసుకునే కంప్యూటర్ దీన్ని తట్టుకుంటుందేమో గాని, మూడు గంటలు పూర్తి బలంతో పనిచేసే యంత్రం వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. ఆ కారణంగానే ఇక్కడివారికి ల్యాప్‌టాప్ కంటే డెస్క్‌టాప్ మంచిదని నా అభిప్రాయం. విప్పడం, తుడవడం తేలిక. ముందువైపు కడగడానికి వీలైన జల్లెడ ఉన్న పెట్టె తీసుకోండి. బయటికి ఊదే ఫ్యాన్ల కంటే లోపలికి పీల్చేవి ఎక్కువ ఉంటే సందుల్లోంచి పొట్టు చొరబడదు. నేలమీద పెట్టవద్దు. కార్ఖానాలో సాంచాలు ఊదే కంప్రెసర్ గొట్టం తెచ్చి కంప్యూటర్‌లోకి పెట్టకండి. దాని గాలిలో నీటి తడి, నూనె ఉంటాయి. చిన్న బ్రష్షు, చేతి బ్లోయర్ చాలు. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి.

రెండవది అదురు. సాంచాలు ఆడుతుంటే గోడలు కూడా అదురుతాయి. లోపల పళ్ళెం తిరిగే పాత రకం హార్డ్ డిస్కుకు ఇది మంచిది కాదు. తిరిగే భాగం ఏదీ లేని ఎస్‌ఎస్‌డీయే వేయించండి. ప్రోగ్రామ్ తొందరగా తెరుచుకోవడం అదనపు లాభం.

మూడవది కరెంటు. 2007లో ఇక్కడి పంపిణీ టోరెంట్ పవర్ చేతికి వచ్చింది. అయితే కరెంటు ఎవరిదైనా, దగ్గరలో మోటార్లు ఒక్కసారిగా మొదలయ్యేచోట వోల్టేజి కుంగడం సహజం. ఫ్యాన్లకూ దీపాలకూ పనికివచ్చే ఇన్వర్టర్ మీద దీన్ని నడపవద్దు. ఒక కేవీఏ స్థాయి మంచి యూపీఎస్, ఇంటికి సరైన ఎర్తింగ్, ఈ రెండిటికీ ముందే డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానితో గ్రాఫిక్స్ కార్డు కొనండి. అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు.

విడిభాగాలకు ముంబాయి లామింగ్టన్ రోడ్ ఉండనే ఉంది. కల్యాణ్ లేక ఠాణా నుంచి వెళ్ళి, దాదర్‌లో బండి మారి, గ్రాంట్ రోడ్‌లో దిగితే నడక దూరం. నాలుగు దుకాణాలలో ఒకే జాబితా చూపించి ధర రాయించుకోండి. జీఎస్‌టీ బిల్లు మీద భాగం నంబరు ఉండేలా చూడండి, వారంటీకి అదే ఆధారం. వాడిన కార్డు చవకగా ఇస్తామంటే, అది ఇదివరకు క్రిప్టో నాణేల కోసం రాత్రింబగళ్ళు నడిచినదేమో అడగండి. 2022లో ఆ పని చాలావరకు ఆగిపోయాక అలాంటివి బజారులోకి చాలా వచ్చాయి. మీ ఎదుట అరగంట పూర్తి బలంతో నడిపి చూపించనివారి దగ్గర కొనవద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. అబ్బాయి గాని అమ్మాయి గాని దీనిలో పడి పైలట్ అవుతానంటే సంతోషమే. కాని ఇంటి కంప్యూటర్ మీద ఎన్ని గంటలు నడిపినా లైసెన్సు లెక్కలో ఒక్క గంట కూడా చేరదు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు నిజమైన విమానంలో ఎగరాలి, ఖర్చు పదుల లక్షలలో ఉంటుంది. కంప్యూటర్ అమ్మేవాడు ఇది పైలట్ చదువుకు పెట్టుబడి అంటే నమ్మి అప్పు చేయకండి. ఇంగ్లీషులో రేడియో మాటలు నేర్చుకోవడానికి మాత్రం ఇది బాగా పనికివస్తుంది. 2001 నుంచి నడుస్తున్న వాట్‌సిమ్ అనే ఉచిత నెట్‌వర్క్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవారు కంట్రోలర్లుగా కూర్చుని మీతో మాట్లాడతారు. ముంబాయి టవర్‌లో ఎవరైనా ఉన్న సాయంత్రం, ముందు కొన్నిసార్లు మాట్లాడకుండా విని, మీ వంతుకు చెప్పవలసిన వాక్యం కాగితం మీద రాసుకుని, అప్పుడు బటన్ నొక్కండి.