పంది పిల్లలకు పారుడా? మందు కంటే ముందు పీసీఆర్

ఊళ్లో మీవాళ్లకు పందుల ఫారం ఉందా? పాలు మాన్పించిన పిల్లలు వరసగా పారుకుంటున్నాయని ఫోన్ వస్తే, వెంటనే యాంటీబయాటిక్ పట్టమనకండి. మందు పడితే రోగం ఆనవాలు పట్టుకోవడం కష్టం. ముందు శాంపిల్ తీయించండి.

పారుడు పైకి ఒకేలా ఉన్నా కారణం ఈ-కోలై కావచ్చు, సాల్మొనెల్లా కావచ్చు, రక్త విరేచనాలు తెచ్చే బ్రాకిస్పైరా కావచ్చు. లాసోనియా మరీ మొండిది. పేగు కణాల లోపలే బతుకుతుంది, మామూలు కల్చర్‌లో పెరగదు. మలంలో దాని డీఎన్‌ఏను పీసీఆర్ పట్టేస్తుంది. కోవిడ్ రోజుల్లో మన ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షకు ఇది దగ్గరి చుట్టమే. ఈ-కోలైది వేరే కథ. ఆరోగ్యంగా ఉన్న పంది పేగుల్లోనూ అది ఉంటుంది. అందుకే దానిలో విషం తయారుచేసే జన్యువులు ఉన్నాయా అని చూస్తారు.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన రోగానికి అదే కారణమని కాదు. చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా దొరుకుతుంది. క్రిమి ఎంత ఉందో లెక్కగట్టే పీసీఆర్ అయితే మేలు. ఈ-కోలైకి ఏ మందు పనిచేస్తుందో తేలాలంటే మాత్రం కల్చర్ కూడా చేయించాలి.

మందు పడని, కొత్తగా పారుకుంటున్న నాలుగైదు పిల్లల నుంచి విడివిడిగా మలం తీసి ఐస్ బాక్సులో పంపాలి. నేల మీద నుంచి ఎత్తినది వద్దు. పశువైద్యుడి కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. పీసీఆర్ ఏ ల్యాబ్‌లో చేస్తారో, ఎంత అవుతుందో ఆయన్నే అడగండి.

ఫారంలో పాత కొలిస్టిన్ మిగిలి ఉంటే వాడనివ్వకండి. మనుషులకు చివరి అస్త్రంలాంటి ఆ మందును ఆహారం కోసం పెంచే జంతువులకు వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది.