డాక్టరమ్మకు ఎప్పుడు చూపించుకోవాలి?

‘వెళ్తే గర్భసంచి తీసేస్తారు’

దీన్ని ఉత్త అపోహ అని కొట్టిపారేయడానికి మన రెండు రాష్ట్రాల్లో వీల్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3 శాతం. తెలంగాణలో 8, ఆంధ్రప్రదేశ్‌లో 9. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇక దాంతో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సరవుతుంది’ అని బెదరగొట్టి తీసినవీ వాటిలో ఉన్నాయి. భయం గాల్లోంచి పుట్టలేదు.

కానీ ఆ భయం చేసే పని చూడండి. నెలసరి ఎక్కువవుతోందని మొదట్లో ఎవరికీ చెప్పరు. రక్తం ఏడు గ్రాములకు పడిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేదాకా లాగుతారు. అప్పుడు ‘తీసేయండమ్మా, పీడా పోతుంది’ అనేది పేషెంటే. ముందే వెళ్తే మాత్రలున్నాయి, గర్భసంచి లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది. పాలిప్ అనే చిన్న కండ పెరిగితే అదొక్కటే తీస్తారు. ఫైబ్రాయిడ్ గడ్డలు చాలామందికి ఉంటాయి, ఎక్కువమందిలో ఏ బాధా పెట్టవు. వేరే దేనికో స్కానింగ్ తీస్తే బయటపడతాయి. గడ్డ కనిపించిందన్నంత మాత్రాన కత్తి పెట్టనక్కర్లేదు. ఇక తెల్లబట్టకు గర్భసంచి తీయడమనేది వైద్యమే కాదు. ఆపరేషన్ అన్నప్పుడు ‘ఎందుకు? మందులతో కుదరదా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా?’ అని అడగండి. చిన్న వయసులో అండాశయాలు కూడా పోతే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. జవాబు నచ్చకపోతే ఇంకో డాక్టరమ్మకు చూపించుకోండి, అందులో మొహమాటమేమీ లేదు.

‘ఆగిపోయే ముందు ఇలాగే అవుతుందిలే’

నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజముంది. నలభై దాటాక నెలసరి అటూ ఇటూ అవుతుంది, ఒక్కోసారి రెండు మూడు నెలలు రాదు. అంతవరకు వయసే. ఎక్కువ కావడం, మధ్యమధ్యలో కనిపించడం, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం రావడం మాత్రం వయసు ఖాతాలో వేయకూడదు. కలయిక తర్వాత రక్తం వస్తే గర్భాశయ ముఖద్వారాన్ని తప్పకుండా పరీక్ష చేయించాలి. అక్కడ వచ్చే క్యాన్సర్‌కు మందు క్యాన్సర్ రాకముందే ఉంది: ముప్పై దాటాక ఏ బాధా లేకపోయినా ఐదేళ్ళకోసారి స్క్రీనింగ్ చేయించుకోవడం.

ఎంతయితే ‘ఎక్కువ’? గంటకో ప్యాడ్ తడిసిపోతూ అలా రెండు మూడు గంటలు సాగడం, రూపాయి బిళ్ళ కంటే పెద్ద గడ్డలు పడటం, ఎనిమిది రోజులు దాటడం. ప్యాడ్ల లెక్క అందరికీ కుదరదు, గుడ్డలు వాడేవారు ఇంకా ఉన్నారు. వారు చూసుకోవలసింది: రాత్రి నిద్రలో లేచి మార్చుకోవలసి వస్తోందా? పక్క పాడవుతుందని కింద చాప పరుచుకుంటున్నారా? ఆ నాలుగు రోజులు పెళ్ళికీ పేరంటానికీ వెళ్ళడం మానేశారా? అయితే అది ఎక్కువే.

నెలసరి ఆగి నిండా ఏడాది అయ్యాక ఒక్క మరక కనిపించినా సరే, ఆ వారంలోనే వెళ్ళాలి. ‘మళ్ళీ వయసొచ్చింది’ అని నవ్వుకునే విషయం కాదిది. అలా వచ్చినవారిలో దాదాపు పదిమందిలో ఒకరికి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ తేలుతుంది. మిగతావారికి పొర పలచబడటమో, పాలిపో, అలాంటిదే చిన్న కారణం. ఎవరు ఏ లెక్కలో ఉన్నారో తేల్చేది స్కానింగ్, అవసరమైతే పొర ముక్క తీసి చేసే పరీక్ష. ఈ క్యాన్సర్ మొదట్లోనే రక్తం చూపించి తన జాడ తానే చెబుతుంది. అప్పుడే పట్టుకుంటే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

మెడికల్ షాపులో ముట్టు ఆపే మాత్ర అడిగి తెచ్చుకుని, వ్రతానికని మొదలుపెట్టి, తర్వాత రక్తం కనిపించినప్పుడల్లా వేసుకునేవారున్నారు. రక్తం ఆగుతుంది, కారణం లోపలే ఉండిపోతుంది.

అన్నట్టు, ‘బయట ఉన్నప్పుడు డాక్టరు చూడరు, తగ్గాక వెళ్దాం’ అని ఆగనక్కర్లేదు. పాప్ స్మియర్ పరీక్ష మటుకు ఆ రోజుల్లో చేయరు. రక్తం ఎక్కువ పోవడమే బాధ అయినప్పుడు, పోతున్నప్పుడే వెళ్ళాలి.

‘ఎముకలు కరిగి తెల్లబట్టవుతుంది’

ఎముకలు కరగవు, ‘వేడి’ చేయడం వల్లా కాదు. రెండు నెలసరుల మధ్యలో తెల్లసొనలా సాగుతూ కనిపించేది అండం విడుదలయ్యే రోజుల గుర్తు, జబ్బు కాదు. దానికి సబ్జా నీళ్ళు తాగితే నష్టం లేదు, అవసరమూ లేదు. పెరుగు ముక్కల్లా పడి దురద పెడితే, చేపల వాసన వస్తే, పచ్చగా నురగగా అయితే, రక్తం కలిసినట్టుంటే, పొత్తికడుపు నొప్పీ జ్వరమూ తోడైతే చూపించుకోవాలి. దురద మాటిమాటికీ తిరగబెడుతుంటే షుగర్ కూడా పరీక్ష చేయించండి. డెటాల్ కలిపిన నీళ్ళతో లోపల కడగడం మాత్రం వద్దే వద్దు, ఉన్న రక్షణ పోయి ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది.

‘ఒక కాన్పయితే నొప్పి అదే పోతుంది’

పెద్దమనిషైన మొదటి రెండేళ్ళు నెలసరి తప్పుతూ రావడం మామూలే. కానీ మాత్ర వేసుకున్నా తగ్గక, ప్రతి నెలా కాలేజీ మానేసి ముడుచుకు పడుకునే నొప్పి మామూలు కాదు. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు కావచ్చు. దానికి పెళ్ళి మందు కాదు. పైగా కొందరిలో అదే పిల్లలు పుట్టడానికి అడ్డవుతుంది. మూడు నెలలు వరుసగా రాకపోయినా, పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాకపోయినా చూపించాలి. పెళ్ళికాని పిల్లను లోపల పరీక్ష చేస్తారేమోనని తల్లులు జంకుతారు. సాధారణంగా ఆ అవసరం రాదు. మూత్రం నిండా పట్టి ఉంచి పొట్ట మీద నుంచి తీసే స్కానింగ్ సరిపోతుంది.

‘అంతా గ్యాసే’

యాభై దాటినావిడకు కొత్తగా పొట్ట ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండటం, మాటిమాటికీ మూత్రానికి లేవడం మొదలై, రెండు మూడు వారాలైనా వదలకపోతే అండాశయాలను స్కానింగ్‌లో చూడాలి. తెలుగిళ్ళలో గ్యాస్ మాత్ర కింద దాగిపోయే జబ్బుల్లో అండాశయ క్యాన్సర్ ఒకటి.

ఇంకొకటి కూడా ఉంది. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయినవారికి గర్భం రాదని అందరి నమ్మకం. అరుదే గానీ రావచ్చు; వచ్చినప్పుడు గర్భసంచిలో కాక ట్యూబులో నిలిచే అవకాశం మామూలు కంటే ఎక్కువ. నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వచ్చి, కాస్త మరక కనిపిస్తే వెంటనే మూత్ర పరీక్ష, స్కానింగ్. కళ్ళు తిరిగి, చెమటలు పట్టి, భుజం కొన నొప్పెడుతోందంటే ట్యూబు పగిలి లోపల రక్తం పోతున్నట్టు. అలాంటప్పుడు ‘ఆపరేషన్ అయింది కదా, గ్యాసేలే’ అని పడుకోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి.