వాళ్ళింటి గొడవ మనకెందుకంత ఇష్టం?

రాత్రి తొమ్మిదిన్నర. కుక్కర్ మూడో విజిల్ వేసింది. అయినా వంటింట్లోకి వెళ్ళబుద్ధి కాదు. టీవీలో ఇద్దరమ్మాయిలు గిన్నెలెవరు తోమాలని వాదులాడుకుంటున్నారు మరి! మన సింకులో గిన్నెలు అలాగే ఉన్నాయి. అయినా వాళ్ళ గిన్నెల సంగతే మనకు కావాలి. ఎందుకంటారు?

1999లో నెదర్లాండ్స్‌లో 'బిగ్ బ్రదర్'గా మొదలైన ఈ ఆట, 2006లో 'బిగ్ బాస్' పేరుతో హిందీలోకి, 2017లో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా తెలుగులోకి వచ్చింది. కొందరిని ఒకే ఇంట్లో ఉంచి, చుట్టూ కెమెరాలు బిగిస్తారు. ఫోనుండదు, పేపరుండదు. ఎవరిని ఉంచాలో మన ఓటు అడుగుతారు.

అమెరికాలో స్టీవెన్ రీస్, జేమ్స్ విల్ట్జ్ అనే పరిశోధకులు 239 మందిని ప్రశ్నించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. ఇలాంటి కార్యక్రమాలు ఇష్టపడేవారిలో 'నాకూ ఓ గుర్తింపు ఉండాలి' అన్న కోరిక బలంగా కనిపించిందట. మామూలు మనిషి తెరకెక్కితే మనమే ఎక్కినట్టుంటుంది కదూ! ఆ తర్వాతది, కక్ష తీర్చుకోవాలన్న కోరిక.

మన ఇళ్ళలోనే చూడండి. అందరికీ సర్దిచెప్పుకుపోయే ఇల్లాలు, తెరమీద ఎదురు మాట్లాడే పిల్లను చూసి "బాగా అడిగింది!" అంటుంది. తను అనలేని మాట ఇంకొకరు అన్నారన్న తృప్తి అది. శుభ్రం పట్టింపున్నావిడకి దుప్పటి మడవని వాళ్ళను చూస్తే ఒళ్ళుమంట. కబుర్లంటే ఇష్టమున్నావిడకి మర్నాటికి ఓ కబురు. ఎవరు నచ్చారన్నదాంట్లో వాళ్ళ స్వభావం కంటే మన స్వభావమే ఎక్కువ బయటపడుతుంది.

ఇక్కడే ఓ జాగ్రత్త. రోజంతా తీసినదాన్ని కత్తిరించి గంటసేపు చూపిస్తారు. కోప్పడిన క్షణం ఉంచి, తర్వాత కలిపిచ్చిన కాఫీ తీసేస్తే ఎంత మంచివాళ్ళైనా గయ్యాళులే! ఇంట్లో మనం చేసేదీ అదే కాదూ? పదేళ్ళ క్రితం మా తోటికోడలు అన్న ఒక్క మాట నేనిప్పటికీ తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. నాకు ఆపరేషనైనప్పుడు ఆవిడ నెల్లాళ్ళు వండిపెట్టింది మాత్రం కత్తిరింపుల్లో పోయింది!

చూడొద్దని అనను. ఈసారి ఎవరిమీదైనా ఒళ్ళుమండితే, 'ఇందులో నాకు గుచ్చుకున్నదేమిటి?' అని ఓసారి అడిగి చూసుకోండి. పక్కన పిల్లలుంటే, "మనం చూసింది ముక్కే, మొత్తం కాదు" అని చెప్పండి.

నేనైతే రేపు మా తోటికోడలికి ఫోన్ చేస్తున్నా. అన్నట్టు, నాలుగో విజిల్ కూడా వచ్చేసింది... ఉంటానండీ!