తెలుగు మాస్టారు కావాలంటే..?

తిరుత్తణి: సెప్టెంబరు 5న దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవం చేసుకునేది సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరిట. ఆయన 1888లో పుట్టింది మన తిరుత్తణిలోనే. 1960 ఏప్రిల్ 1న ఈ ఊరు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. ఇళ్లల్లో తెలుగు మాత్రం మారలేదు. మరి ఆ తెలుగును పిల్లలకు చెప్పే మాస్టార్లు ఎలా తయారవుతారు?

దారి పొడవే. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పాలంటే డిగ్రీ, బీఈడీ, టెట్ ఉండాలి. కాలేజీకైతే ఎంఏలో 55 శాతం మార్కులు (రిజర్వేషన్ వర్గాలకు 50), పైన నెట్ లేదా సెట్. పీహెచ్‌డీ 2023 జులై నుంచి తప్పనిసరి కాదు. ఎంఏ తెలుగు కావాలంటే ఇటు మద్రాసు వర్సిటీ, అటు తిరుపతి ఎస్వీ వర్సిటీ. రెండు ఊళ్లకూ ఇక్కడి నుంచి రైలుంది. తమిళనాట సర్కారు ఉద్యోగానికి 2021 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం తమిళం పేపరు కూడా గట్టెక్కాలి.

అసలు చిక్కంతా మొదటి మెట్టు దగ్గరే. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. బడిలో తెలుగు చదివేవాళ్లు తగ్గితే డిగ్రీలో తెలుగు తీసుకునేదెవరు? ఎంఏ దాకా వెళ్లేదెవరు? రేపు పోస్టు పడినా అర్హులు దొరకరు.

పిల్లలకు తమిళం బాగా నేర్పించండి, ఉద్యోగానికి అది కావాలి. తెలుగును మాత్రం మాన్పించకండి. రేపటి మాస్టారు వాళ్లలోనే ఉండొచ్చు.