లారా వదిలి వెళ్లిన ఊరు

మినియాపొలిస్ నుంచి మౌంట్ రష్‌మోర్ కొండ చూడ్డానికి కార్లలో బయల్దేరే తెలుగు కుటుంబాలు దాదాపు అన్నీ ఐ-90 హైవే పట్టుకుంటాయి. సౌత్ డకోటాలోకి అడుగు పెట్టాక ఆ రోడ్డు మీద గంటకు 80 మైళ్ల వేగంతో పోవచ్చు కాబట్టి పక్కదార్ల మీద ఎవరికీ ధ్యాస ఉండదు. దానికి కాస్త ఉత్తరంగా, అదే పడమటి దిక్కుకు 14వ నంబరు హైవే ఒకటి నింపాదిగా సాగుతుంది. బ్రూకింగ్స్ దాటి ఓ 40 మైళ్లు వెళితే, మొక్కజొన్న, సోయాబీన్ పొలాల మధ్య ధాన్యం గిడ్డంగుల పొడుగాటి గోపురాలు కనిపిస్తాయి. అదే డిస్మెట్. వెయ్యికి కాస్త పైన జనాభా, ఒకటే పెద్ద బజారు వీధి.

పిల్లలు అమెరికా బళ్లో చదువుకుంటున్నవాళ్లయితే వెనక సీట్లోంచి ఈ ఊరి పేరు వాళ్లే గుర్తుపట్టే అవకాశం ఉంది. స్కూలు లైబ్రరీల్లో నలిగిన అట్టలతో కనిపించే 'లిటిల్ హౌస్' పుస్తకాల ఊరు ఇది. వాటిని రాసిన లారా ఇంగల్స్ వైల్డర్ 1867లో విస్కాన్సిన్ అడవుల పక్కన పుట్టింది. మొదటి పుస్తకం 1932లో, ఆమెకు 65 ఏళ్లు వచ్చాక అచ్చయింది. 1943 దాకా మొత్తం ఎనిమిది వచ్చాయి. వాటిలో నాలుగు ఈ ఊళ్లోనో, ఊరి శివార్లలోనో నడుస్తాయి. ఆమె పోయాక 1971లో వచ్చిన మరో చిన్న పుస్తకం కథ కూడా ఇక్కడిదే.

అయితే ఇది రచయిత్రి ఊరు అనడం కంటే ఆమె పుట్టింటివాళ్ల ఊరు అనడమే సరైన మాట. లారా పన్నెండేళ్లప్పుడు వచ్చి, ఇరవయ్యేడేళ్లకు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. పుస్తకాలన్నీ మిస్సోరీలో కూర్చుని రాసింది. ఆమె ఎవరి గురించి రాసిందో వాళ్లు, అంటే అమ్మ, నాన్న, చూపులేని అక్క, ఇద్దరు చెల్లెళ్లు, ఇప్పటికీ ఇక్కడి మట్టిలోనే ఉన్నారు. ఈ సంగతి ముందే తెలిసి వెళితే ఊరు మరోలా కనిపిస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లను మొదట ఓ చిన్న చెక్క ఇంటికి తీసుకెళతారు. రైలు మార్గం కొలతలు తీసిన సర్వేయర్లు బస చేసిన ఇల్లది. 1879 చలికాలంలో వాళ్లు పనిముట్లు వదిలి తూర్పు దిక్కుకు వెళ్లిపోతే, వాటికి కాపలాగా లారా తండ్రి చార్లెస్ ఇంగల్స్ కుటుంబంతో సహా అందులో ఉన్నాడు. అప్పటికి ఊరే లేదు. రైలు పట్టాలు వచ్చాక 1880లో ఊరు వెలిసింది. దానికి ఆ ప్రాంతంలో తిరిగిన బెల్జియం జెసూట్ మత ప్రచారకుడు పియరీ-జాన్ డిస్మెట్ పేరు పెట్టారు. పుస్తకంలో లారా ఈ ఇంటిని చూసి ఎంత పెద్దదో అని మురిసిపోతుంది. తీరా లోపలికి వెళితే పదిమంది సందర్శకులు ఒకళ్లనొకళ్లు తోసుకోకుండా నిలబడటం కష్టం. అంతవరకూ ఆ పిల్ల ఎలాంటి గుడిసెల్లో పెరిగిందో ఈ ఒక్క గది చెబుతుంది. ఇల్లు మాత్రం అసలు చోట లేదు. సిల్వర్ లేక్ ఒడ్డున ఉన్నదాన్ని తర్వాతి కాలంలో ఊళ్లోకి లాక్కొచ్చారు. చెక్క ఇళ్లను చక్రాల మీదో దుంగల మీదో జరపడం అక్కడ మామూలే.

డిస్మెట్‌కు పేరు తెచ్చింది 1880-81 చలికాలం. అక్టోబరు నడిమధ్యలోనే మొదటి మంచు తుపాను విరుచుకుపడింది. ఆ తర్వాత ఒకటి వెళ్లిందనుకునేలోగా మరొకటి. పట్టాల మీద మంచు కొండల్లా పేరుకుపోయి జనవరిలో రైళ్లు ఆగిపోయాయి. మళ్లీ సరుకుల బండి వచ్చేసరికి మే నెల అయింది. కొత్తగా వెలిసిన ఊరు. పొలాలింకా సరిగా సాగులోకే రాలేదు, తిండీ బొగ్గూ అన్నీ రైల్లోనే రావాలి. చెట్టంటూ లేని బయలు కాబట్టి పొయ్యిలోకి పుల్ల కూడా దొరకదు. చిత్తడి నేలల్లో కోసిన ఎండుగడ్డిని గట్టిగా మెలితిప్పి కట్టెల్లా చేసి పొయ్యిలో పెట్టారు. అది భగ్గున మండి చిటికెలో అయిపోతుంది, అందుకని ఇంట్లో ఎవరో ఒకరు రోజంతా మెలితిప్పుతూనే ఉండాలి. పిండి నిండుకుంటే విత్తనం గోధుమల్ని కాఫీ గింజలు విసిరే చిన్న మరలో పోసి, ఆ ముతక పిండితోనే రొట్టె చేసుకున్నారు.

ఇదంతా నవల కోసం పెంచి రాసింది కాదని తేల్చినవాళ్లున్నారు. బార్బరా మేయస్ బూస్టెడ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞురాలు నాటి రికార్డులు వెలికితీసి, చలికాలాల తీవ్రతను కొలిచే సూచిక ఒకటి తయారుచేసి చూస్తే, ఆ ఏడాది నిజంగానే ఘోరమైన చలికాలాల్లో ఒకటని లెక్క తేలింది. ఊరి ఆకలి తీర్చడానికి మంచులో పడి గోధుమలు తెచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ నిజం మనుషులే. వాళ్లలో అల్మాంజో వైల్డర్ తర్వాత లారాను పెళ్లి చేసుకున్నాడు. రెండోవాడు కాప్ గార్లాండ్ 1891లో నూర్పిడి యంత్రం బాయిలరు పేలి చనిపోయాడు. ఈ రెండో ముక్క పిల్లల పుస్తకంలో లేదు. ఆ గోధుమల ధర మీద ఊరి జనం నిలదీసిన వ్యాపారి లాఫ్టస్ దుకాణం కట్టడం ఇప్పటికీ బజారు వీధిలో ఉంది. చార్లెస్ కట్టిన, ఆ కుటుంబం చలికాలమంతా తలదాచుకున్న ఇల్లు మాత్రం మిగల్లేదు.

నవల్లో ఆ ఇంట్లో ఇంగల్స్ కుటుంబం ఒక్కటే ఉంటుంది. నిజానికి జార్జ్ మాస్టర్స్ అనే అతను, అతని భార్య మ్యాగీ, ఆ ఇంట్లోనే పుట్టిన వాళ్ల పసిబిడ్డ కూడా ఆ ఏడాది వాళ్లతోనే ఉన్నారు. అతను పనికి ఒళ్లు వంచడని, వడ్డన దగ్గర మాత్రం ముందుంటాడని లారాకు చాలా కోపం. ఎంత కోపమంటే, నవల రాసేటప్పుడు ఆ ముగ్గురినీ ఏకంగా లేకుండా చేసింది. ఆమె ముందుగా రాసుకున్న ఆత్మకథ 'పయనీర్ గర్ల్'ను సౌత్ డకోటా చరిత్ర సంఘం 2014లో వివరణలతో అచ్చువేశాక ఇలాంటి సంగతులు మామూలు పాఠకులకూ తెలిశాయి. అయోవాలో గడిపిన కాలం, తొమ్మిది నెలలకే పోయిన తమ్ముడు ఫ్రెడీ, ఇవన్నీ పిల్లల పుస్తకాల నుంచి జారిపోయినవే. అక్క మేరీకి చూపు పోయింది స్కార్లెట్ ఫీవర్ అనే ఎర్ర జ్వరం వల్లనని నవల అంటుంది. మెదడుకు సోకిన వైరస్ వల్ల కావచ్చని 2013లో అమెరికా వైద్యులు ఒక పరిశోధనా పత్రంలో రాశారు. కథ కోసం వదిలేయడం ఏ రచయితైనా చేసేదే. తిట్టుకున్న మనిషిని ఇంత శుభ్రంగా చెరిపేయగలగడం మాత్రం అందరికీ చేతకాదు.

ఊరికి ఓ మైలు దూరంలో చార్లెస్ ప్రభుత్వం నుంచి పొందిన 160 ఎకరాలున్నాయి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేస్తే భూమి సొంతమవుతుంది. చార్లెస్ ఆ గడువు నెగ్గాడు. వ్యవసాయంలో మాత్రం నెగ్గలేదు. అంతకుముందు మిన్నెసోటాలో మిడతలు అతని పంటను రెండేళ్లు తినేశాయి, ఇక్కడ ఎండలూ చలీ వంతులవారీగా పని పట్టాయి. చివరికి ఆ భూమి అమ్మేసి, ఊళ్లో వడ్రంగం చేసుకుంటూ, చిన్న తగాదాలు తీర్చే న్యాయాధికారిగా ఉంటూ బతికాడు. పుస్తకాల్లో కనిపించే ధీరుడైన రైతు నాన్నకూ, కాగితాల్లో కనిపించే ఈ నాన్నకూ తేడా ఉంది. రెండోవాడే ఎక్కువ నచ్చుతాడు. ఎప్పుడూ ఇంకా పడమరకు పోదామని కాళ్లు లాగే మనిషి, పిల్లల చదువు కోసం ఇక కదిలేది లేదని భార్య కరొలైన్ పట్టుబట్టాక ఇక్కడే ఆగాడు.

ఆ పొలం ఇప్పుడు ఒక ప్రైవేటు కుటుంబం నడిపే సందర్శన స్థలం. అసలు గుడిసె లేదు, దాని నమూనాలో మరొకటి కట్టారు. పిల్లలు గుర్రబ్బండి ఎక్కొచ్చు, మొక్కజొన్న కండెతో బొమ్మ చేసుకోవచ్చు, కావాలంటే గుడ్డ కప్పిన బండిలోనే రాత్రి పడుకోవచ్చు. ఎండుగడ్డి మెలితిప్పి కట్టె చేయడం కూడా నేర్పిస్తారు. ఇది తప్పకుండా చేయించాలి. రెండు నిమిషాల్లో అరచేతులు ఎర్రబడితే, ఆ చలికాలం ఏడు నెలలు ఎలా సాగిందో చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. భార్యకూ నలుగురు కూతుళ్లకూ తలొకటిగా చార్లెస్ నాటిన కాటన్‌వుడ్ చెట్లు ఆ పొలం పక్కనే ఇప్పటికీ ఉన్నాయి.

సిల్వర్ లేక్ కోసం వెతికేవాళ్లకు చిత్తడి నేల కనిపిస్తుంది. సాగుభూమి కోసం ఆ చెరువు నీళ్లను ఎప్పుడో బయటికి వదిలేశారు. దగ్గర్లోనే ఉన్న లేక్ థాంప్సన్ కథ తిరగబడింది. దశాబ్దాలపాటు బురదగుంటలా పడి ఉన్నది 1980ల వానలకు పొంగి, సౌత్ డకోటాలోకెల్లా పెద్ద సహజ సరస్సయి కూర్చుంది.

ఊళ్లో థర్డ్ స్ట్రీట్‌లోని రెండంతస్తుల ఇల్లు చార్లెస్ 1887లో సొంత చేతులతో కట్టినది. లారాకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు దాటింది, కాబట్టి ఆమె ఈ ఇంట్లో ఎన్నడూ కాపురమున్నది లేదు. అయినా చూడాల్సింది ఇదే. 1902లో చార్లెస్ పోయాక కరొలైన్, మేరీ ఇందులోనే ఉండిపోయి, గదులు అద్దెకిచ్చుకుని బతికారు. మేరీ అయోవాలోని అంధుల కళాశాలలో చదువుకుని వచ్చింది. ఆ చదువు ఖర్చులో డకోటా ప్రభుత్వం కొంత పెట్టుకుంటే, మిగతాది కూడబెట్టడానికే లారా చిన్నతనంలో పల్లె బడుల్లో పాఠాలు చెప్పింది. ఆ చదువుతో వచ్చిన చేతిపనితో మేరీ గుర్రాలకు ఈగలు వాలకుండా కప్పే వలలు అల్లి నాలుగు డబ్బులు సంపాదించేది. నవల్లో ఆమెది దైవభక్తితో నిండిన మౌనం. ఈ ఇంట్లో ఆమెది సంపాదన, తల్లికి తోడు.

శ్మశానవాటికలో చార్లెస్, కరొలైన్, మేరీ, చెల్లెళ్లు క్యారీ, గ్రేస్ సమాధులున్నాయి. వాటి మధ్య లారా సమాధి లేదు. 1889లో పుట్టి, పేరు పెట్టకముందే పోయిన ఆమె కొడుకుది మాత్రం ఉంది. ఆ ఏడే లారా, అల్మాంజోల ఇల్లు కాలిపోయింది. అంతకుముందు వడగళ్లు, అనావృష్టి, డిఫ్తీరియాతో అల్మాంజో కాళ్లు దెబ్బతినడం. 1894 జులైలో వాళ్లు బండి కట్టుకుని మిస్సోరీ రాష్ట్రంలోని మాన్స్‌ఫీల్డ్‌కు బయల్దేరారు. 650 మైళ్లు, ఆరు వారాలు. తండ్రి పోయే ముందు లారా వచ్చింది. 1924లో తల్లి పోయినప్పుడు రాలేదు, నాలుగేళ్లకు అక్క పోయినప్పుడూ రాలేదు. పుస్తకాలు రాయడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

పుస్తకాల వల్ల ఊరికి వచ్చిన బతుకు తక్కువేమీ కాదు. లారా చనిపోయిన 1957లోనే స్మారక సంఘం ఏర్పడింది. 1971 నుంచి జులైలో ఆరుబయట ఆమె కథలు నాటకాలుగా ఆడటం మొదలైంది. 1974లో మొదలైన టీవీ సీరియల్ కథ మిన్నెసోటాలోని వాల్‌నట్ గ్రోవ్‌లో నడిచినా, జనం ఇక్కడికీ వచ్చారు. జపాన్ నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా ఆధీనంలో ఉన్న జపాన్‌లో, ఆ 1880-81 చలికాలం మీద లారా రాసిన నవల 'ద లాంగ్ వింటర్' అనువాదం అచ్చయింది. తిండి కరువైన దేశానికి ఆ పుస్తకం ఏం చెప్పిందో ఊహించుకోవచ్చు.

వివాదం కూడా ఉంది. అమెరికా ఆదివాసుల గురించి ఈ పుస్తకాల్లో కొన్నిచోట్ల ఉన్న మాటలు ఇవాళ చదివితే ఒళ్లు మండుతుంది. అమెరికా గ్రంథాలయ సంఘం 2018లో లారా పేరిట ఉన్న బాలసాహిత్య పురస్కారం పేరు మార్చింది. ప్రభుత్వం 160 ఎకరాల చొప్పున పంచిన నేల అంతకుముందు డకోటా జాతిది. ఊరి చుట్టూ పొలాలు చూపిస్తూ ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పాలి, లేకపోతే చూసింది సగమే అవుతుంది.

ఇక్కణ్ణుంచి మౌంట్ రష్‌మోర్ వైపు వెళ్లేవాళ్లకు ఆ దారిలోనూ ఇంగల్స్‌వాళ్లు తగులుతారు. గ్రేస్ మెట్టినింటి ఊరు మాంచెస్టర్ ఏడెనిమిది మైళ్ల అవతల ఉండేది, 2003 జూన్ 24న సుడిగాలి దాన్ని తుడిచిపెట్టేసింది. మళ్లీ కట్టలేదు. డిస్మెట్‌లో పత్రికకు అచ్చు అక్షరాలు పేర్చిన క్యారీ, తర్వాత రష్‌మోర్ కింది ఊరు కీస్టోన్‌లో కాపురం పెట్టింది. ఆమె సవతి కొడుకు హారల్డ్ ఆ కొండ చెక్కే పనిలో కూలీగా చేశాడు.

పుస్తకాల్లో ప్రతి చలిరాత్రీ నాన్న వాయించే ఫిడేలు ఎక్కడుందని మాత్రం ఇక్కడి గైడ్లను ఎవరో ఒకరు అడుగుతుంటారు. అది డిస్మెట్‌లో లేదు. చూడాలంటే మాన్స్‌ఫీల్డ్‌లోని లారా ఇంటి మ్యూజియానికి వెళ్లాలి, కార్లో ఓ రోజు ప్రయాణం.