కాఫీ తొక్క కాటాకెక్కేనా?

తవుడు నేర్పిన పాఠం మన్యం సరుకుకూ వర్తిస్తుంది

రామతీర్థం: శివరాత్రి జాతరకు రామతీర్థం జనంతో కిక్కిరిసే నాటికి పడమటి కొండల మీద కాఫీ కోతలు ముగింపుకు వస్తాయి. అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాల గింజ మూటలు కాటాకెక్కుతాయి. పండు నుంచి వలిచిన తొక్క మాత్రం చాలాచోట్ల కుప్పల్లో కుళ్లుతుంది, లేదా ఎరువు గుంటకు చేరుతుంది. వాగులో కలిస్తే నీరు పాడవుతుంది. కాఫీ వ్యర్థాలలో పీచు పదార్థం సమృద్ధిగా ఉన్నదని, ఆహార దినుసులుగా వాడుకోవచ్చునని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2012లోనే ప్రచురించారు. ఇక వర్తకులకు తేలవలసింది ఒక్కటే: ఇది చెత్తా, సరుకా?

ఎంత మిగులుతుంది?

పల్పర్ యంత్రంలో 100 కిలోల పండ్లు వేస్తే సుమారు 40 కిలోల తొక్క, గుజ్జు విడిపోతాయి. చివరకు చేతికందే గింజ 20 కిలోలకు మించదు. అయితే ఆ తొక్కలో మూడు వంతులకు పైగా నీరే. బాగా ఎండితే 40 కిలోలు కాస్తా పది కిలోలకు దిగుతుంది. పచ్చి తొక్కను లారీకెత్తి మైదానానికి దింపడమంటే నీటికి కిరాయి కట్టడమే. అందువల్ల ఎండబెట్టే పని కొండ మీదనే జరగాలి.

పండును అలాగే ఎండబెట్టి ఆడించే పద్ధతిలో పొట్టు దాదాపు గింజ బరువుకు సమానంగా వస్తుంది. గింజను వేయించేటప్పుడు ఊడే పలుచని పొర పరిమాణంలో స్వల్పమే గాని, అందులో సగానికి మించి పీచే. ఈ మూడూ వేర్వేరు సరుకులు. ఒకే పేరుతో, ఒకే ధరకు బేరమాడరాదు.

తవుడు అనుభవం

ఇటువంటి మార్పు ఉత్తరాంధ్ర మిల్లర్లకు కొత్త కాదు. ఒకనాడు పశువుల దాణాగా పోయిన తవుడు, సాల్వెంట్ ప్లాంట్లు వచ్చాక నూనె శాతాన్ని బట్టి ధర పలికే సరుకైంది. కాని తవుడు నిల్వ ఉంటే ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది. మిల్లు నుంచి ప్లాంటుకు ఎంత త్వరగా చేరితే అంత ధర.

కాఫీ తొక్కకు గడువు ఇంకా తక్కువ. తీపి, తేమ రెండూ ఉన్నందున వలిచిన కొద్ది గంటలలోనే పులుపెక్కుతుంది. నేల మీద కుప్ప పోస్తే బూజు పడుతుంది. బూజుతో ఓక్రాటాక్సిన్ అనే విషం చేరవచ్చు. అది కంటికి కనిపించదు. పిండి చేసినా, వేయించినా పూర్తిగా పోదు. శుభ్రమైన పండ్లు ఏరి, అదే రోజు ఎత్తయిన బల్లలపై పరిచినదే ఆహార రకం. మిగతాది ఎరువు, లేదా బాయిలర్ ఇంధనం.

గిరాకీ, నిబంధనలు

యెమెన్‌లో ఎండు కాఫీ తొక్కను అల్లంతో కాచి తాగడం పాత అలవాటు. ఐరోపా సమాఖ్య 2022లో ఎండు తొక్కను పానీయాలలో వాడేందుకు అనుమతించింది. బిస్కట్లు, రొట్టెల తయారీలో పిండిగా కలపవచ్చు గాని, వగరు, రంగు ఉన్నందున కొద్ది పాలే పడుతుంది. కెఫీన్ కూడా ఉంటుంది గనుక పిల్లల ఆహారానికి తగదు. మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించని కొత్త ఆహార దినుసులకు 2017 నిబంధనల ప్రకారం ముందుగా ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆమోదం పొందాలి.

బేరానికి ముందు

పీచు శాతం ఒక్కటి చూసి బయానా ఇవ్వడం తొందరపాటు. తేమ ఎంత, బూజు విషం ఉన్నదా, మందుల అవశేషాలున్నాయా అన్న మూడింటికీ లాటు వారీగా పరీక్ష నివేదిక ఉండాలి. కొనేవాడు ఎవరో, దేనికి వాడతాడో ముందే తేలాలి.

అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు గింజ సంపాదించినది. బూజు తొక్కను అరకు పేరుతో అమ్మితే ముందుగా దెబ్బ తినేది గింజ ధరే. ఆ నష్టం ఎకరం, రెండెకరాల గిరిజన రైతు మీద పడుతుంది. అదే రైతుకు బల్లలు, టార్పాలిన్లు సమకూర్చి, ఎండబెట్టిన కూలి గిట్టేలా ధర కట్టినప్పుడే తొక్క సరుకవుతుంది. గిట్టకపోతే దానిని మళ్లీ తోటకు ఎరువుగా వేసుకోవడమే అతనికి లాభం.