ధాయా కొండ మీద చివరి మూడు రోజులు

యుఏఈలోని రాస్ అల్ ఖైమా నుంచి ఉత్తరంగా వెళ్లి రమ్స్ ఊరు దాటితే, ఖర్జూర తోటల మధ్య ఒంటరి కొండ ఒకటి కనిపిస్తుంది. దాని నెత్తిన మట్టి ఇటుకల ధాయా కోట. మెట్లెక్కి పైన నిలబడితే ఎదురుగా తోటలు, వాటి వెనక సముద్రం. వీపు వెనక హజర్ కొండలు. 1819 డిసెంబరులో రమ్స్ షేక్ హుసేన్ బిన్ అలీ తనవాళ్లను వెంటబెట్టుకుని ఇక్కడికే ఎక్కాడు.

తరుముకొచ్చింది బొంబాయి నుంచి బయల్దేరిన బ్రిటిష్ దండు. సుమారు మూడు వేల మంది సైనికులు. వాళ్లలో మన దేశపు సిపాయిలూ ఉన్నారన్నది నన్ను ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చోబెట్టిన సంగతి. డిసెంబరు 9న రాస్ అల్ ఖైమా పట్టణం పడిపోయింది. ఖాసిమీ వంశపు పాలకుడు హసన్ బిన్ రహ్మా లొంగిపోయాడు. ధాయా లొంగలేదు. 'లివర్‌పూల్' యుద్ధనౌక నుంచి రెండు పెద్ద ఫిరంగులు దించి, బురదలో, తోటల్లో ఈడ్చుకుంటూ కొండ కిందికి చేర్చారు. 22వ తేదీన రెండు గంటలు పేల్చేసరికి గోడ కూలింది. కిందికి దిగొచ్చిన మగవాళ్లు 398 మంది. ఆడవాళ్లూ పిల్లలూ మరో 400.

ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో వీళ్లంతా సముద్రపు దొంగలు. తీరానికే దొంగల తీరమని పేరు పెట్టేశారు. అదే ఖాసిమీ వంశంవాడైన షార్జా పాలకుడు సుల్తాన్ బిన్ ముహమ్మద్, బొంబాయి దఫ్తరాలు తిరగేసి, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, 1986లో పుస్తకం అచ్చు వేశారు. ఖాసిమీల చేతిలోని భారత వాణిజ్యం మీద కన్నేసి కంపెనీ ఈ దొంగతనాల కథను పెంచిందని ఆయన వాదన. దాడులు అసలు జరగలేదని చరిత్రకారులందరూ ఒప్పుకోరు. కానీ నూట అరవై ఏళ్ల పాటు ఒక పక్షం కాగితాలే మాట్లాడాయి. అది అన్యాయం.

ఇది పాత జబ్బే. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం చివర్లో ఎట్రుస్కన్ రాజు పోర్సెన్నా రోమ్‌ను ముట్టడించాడు. రోమన్ల సాహసానికి మెచ్చి వెనుదిరిగాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. నగరం అతనికి లొంగిపోయిందని టాసిటస్ ఒక్క మాటలో చెప్పేశాడు. సేద్యానికి తప్ప ఇనుము వాడకూడదని రోమన్లకు అతను షరతు పెట్టాడని ప్లీనీ రాశాడు. పోర్సెన్నా వైపు వాళ్ల మాట మనదాకా రాలేదు.

మనకూ తెలిసిన వ్యవహారమే. 1879లో రంప మన్యం తిరగబడితే సర్కారు రికార్డుల్లో అది పితూరీ. అదే మాట ఇవాళ మన ఇళ్లలో చాడీకి పేరైంది.

ధాయా పడ్డాక, 1820 జనవరి 8న బ్రిటిష్ వాళ్లతో సంధి పత్రం మీద సంతకాలు మొదలయ్యాయి. స్నేహంగా ఉండే అరబ్బుల ఓడలు తెల్ల అంచున్న ఎర్ర జెండా ఎగరేయాలన్నది అందులో ఒక షరతు. రాస్ అల్ ఖైమా, షార్జా జెండాలు నేటికీ అవే: తెల్ల అంచు, నడుమ ఎరుపు.